ఐదేళ్ల డైరీ: ఏడేళ్లు రాశాక

2018 డిసెంబరు చివర్లో బాబాయి ఈ డైరీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "రోజూ నాలుగు ముక్కలు రాయి తల్లీ. ఏం జరిగిందో రాస్తే చాలు. ఏమనిపించిందో రాయకపోయినా పర్లేదు" అన్నాడు. అంతకుముందు నేను మొదలుపెట్టిన డైరీలు మూడు ఉన్నాయి, మూడూ ఫిబ్రవరి చూడలేదు. ఇది మాత్రం 2019 నుంచి 2023 దాకా ఐదేళ్లూ నిండింది. అదే రకం ఇంకోటి కొని 2024లో మొదలుపెట్టాను. అంటే మొత్తం ఏడేళ్ల వాడకం మీద రాస్తున్నాను.

బాబాయి 2022 అక్టోబరులో చనిపోయాడు. డైరీ ఎలా ఉందో చెప్పబోతే ఆయన మాట రాకుండా ఉండదు. విడదీసి రాద్దామని చూశాను, కుదరలేదు.

తెలియనివాళ్ల కోసం ముందు దీని తీరు చెబుతాను. మామూలు డైరీలో ఒక ఏడాదికి ఒక పుస్తకం. ఇందులో ఒక తేదీకి ఒక పేజీ. ఆ పేజీని అడ్డంగా ఐదు భాగాలు చేసి ఉంటారు, ఏడాదికి ఒక భాగం, ఒక్కో భాగంలో ఆరు గీతలు. మార్చి 3న రాయాలంటే మార్చి 3 పేజీ తీస్తాం. కింద ఈ ఏడాది రాస్తుంటే పైన నిరుటి మార్చి 3, దానిపైన ముందటేడు మార్చి 3 కనిపిస్తాయి. వారం పేరు అచ్చు వేయరు, ఏటా మారుతుంది కాబట్టి మనమే రాసుకోవాలి. మొత్తం 366 పేజీలు. ఫిబ్రవరి 29కి కూడా పేజీ ఉంటుంది కానీ ఐదు గళ్లూ ఎప్పటికీ నిండవు. నా మొదటి పుస్తకంలో 2020 ఒక్కటే లీపు సంవత్సరం, ఒక్క గడిలోనే రాత ఉంది. ఇప్పటి పుస్తకంలో 2024, 2028 రెండూ వస్తాయి.

మొదటి ఏడాది దీన్ని చూసి పెద్దగా ముచ్చట పడలేదు, ఆ మాట ముందే చెప్పాలి. పైన చదవడానికి ఏమీ ఉండదు. ఖాళీ గళ్లలో పైది మాత్రం నింపుకుంటూ పోవాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారని నా అనుమానం. రెండో జనవరి నుంచి సంగతి వేరు. పడుకునే ముందు పేజీ తీస్తే నిరుడు ఇదే రోజు ఏం చేశామో ముందు చదువుతాం, ఆ తర్వాతే రాస్తాం. చదవాలన్న ఆశతోనే పుస్తకం తెరుస్తాం, రాయడం దానంతట అదే అయిపోతుంది. నాకు అలవాటు నిలిచింది ఇందువల్లే.

తెలుగులో రాసేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. గీతకీ గీతకీ మధ్య దూరం ఆరు మిల్లీమీటర్లు కూడా లేదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాట వస్తే ఒత్తు వెళ్లి కింది గీతలో అక్షరం తలకట్టుని తగులుతుంది. మొదటి నెల రాతలు ఇప్పుడు నాకే సరిగ్గా అర్థం కావు. తర్వాత గీత వదిలి గీత రాయడం మొదలుపెట్టాను. ఆరు గీతలు మూడయ్యాయి. మూడు గీతల్లో నా రాతకి పదిహేను, పద్దెనిమిది మాటలు పడతాయి. మొదట్లో చాలవనిపించేది. ఇప్పుడు అదే సరైన కొలత అనిపిస్తోంది, ఎందుకంటే పద్దెనిమిది మాటల్లో మనసులో బాధంతా పొయ్యలేం. ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఏది విరిగింది, ఎవరికి జ్వరం, ఇవే పడతాయి. బాబాయి చెప్పింది కూడా ఇదే కదా.

ఇక పెన్ను. ఈ విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మొదటి ఏడాదిన్నర నున్నగా రాస్తుందని జెల్ పెన్ను వాడాను. కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు), మరీ పలచన కాదు, అయినా జెల్ సిరా వెనక పేజీలో నీడలా కనిపించేది. అది సర్దుకోవచ్చు. 2021లో పాప చేతిలో నీళ్ల సీసా డైరీ మీద ఒలికింది. జులై చివరి పది పేజీలు తడిశాయి. పై గడిలో జెల్‌తో రాసినవి నీలం మరకలై కూర్చున్నాయి. కింద బాల్ పెన్నుతో రాసిన గళ్లు అంచు కూడా చెదరలేదు. బాల్ పెన్ను సిరా నూనె ఆధారంగా చేస్తారు కాబట్టి నీటికి కరగదు. జెల్ పెన్నుల్లో రంగు నీళ్లలో కరిగే రకం ఉంటే ఇంతే సంగతులు. పిగ్మెంట్ సిరా, అంటే నీళ్లలో కరగని రంగుపొడి కలిపిన సిరా ఉన్న జెల్ పెన్నులైతే తట్టుకుంటాయి. బాల్ పెన్ను కొనేటప్పుడు రీఫిల్ మీద ఐఎస్ఓ 12757-2 అని ఉందేమో చూడండి. దస్తావేజుల్లాంటివి రాయడానికి పనికొచ్చే సిరా అని దాని అర్థం. పెన్సిల్ని కూడా తక్కువగా చూడకండి. గ్రాఫైట్ వెలుతురుకి వెలిసిపోదు, నీళ్లకి చెదరదు. రుద్దితే చెరుగుతుందన్నదొక్కటే లోటు.

బైండింగ్ గురించి మంచే చెప్పాలి. జిగురుతో అంటించింది కాదు, దారంతో కుట్టింది. ఐదేళ్లపాటు రోజూ తెరిచినా ఒక్క కాగితం ఊడలేదు. బల్ల మీద పెడితే చదునుగా పరుచుకుంటుంది. అట్ట మాత్రం తోలులా కనిపించే పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. ఆ పూత గాలిలో తేమకి కాలక్రమంలో పాడవుతుంది. నాలుగో ఏడు మూలల దగ్గర పొట్టు లేవడం మొదలైంది, ఇప్పుడు ముట్టుకుంటే చేతికి నల్లటి పొలుసులు అంటుతున్నాయి. రెండోసారి గుడ్డ అట్ట ఉన్నది తీసుకున్నాను. చిన్న తాళం ఉన్న రకాలు కూడా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి.

పుస్తకంలో వస్తువులు అంటించేవాళ్లు ఈ ఒక్క పేరా శ్రద్ధగా చదవండి. పాప కడుపులో ఉన్నప్పటి స్కాన్ బొమ్మ అంటించాను. అది థర్మల్ కాగితం, అంటే వేడికి నల్లబడే పూత మీద అచ్చయ్యేది. కాలం, వెలుతురు, వేడి, టేపు జిగురు, అన్నీ దానికి శత్రువులే. నేను సెలో టేపు వేసి, పైన మెత్తటి ప్లాస్టిక్ కవరు తొడిగాను. రెండేళ్లలో టేపు వేసిన చోట బొమ్మ పూర్తిగా తెల్లబడింది, మిగతాది బూడిద రంగు పొగలా ఉంది. తల ఎటు ఉందో నాకు గుర్తుంది కాబట్టి చూపించగలను, కొత్తవాళ్లకి ఏమీ కనిపించదు. అలాంటిదేదైనా ఉంటే ఇవాళే ఫోటో తీసి మామూలు కాగితం మీద ప్రింట్ వేయించుకోండి. నా మొదటి పుస్తకంలో నాకు తీరని నష్టం ఇదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

డైరీ చేతికొచ్చినప్పుడు ఇందులో పెద్ద రోజులు దాచుకుంటాను అనుకున్నాను. కొత్త ఉద్యోగం, పాప పుట్టడం, పాప నడక, ఇల్లు మారడం. ఏడేళ్ల తర్వాత చూస్తే ఆ పెద్ద రోజుల పేజీలే అన్నిటికంటే బోసిగా ఉన్నాయి. పాప 2020 ఆగస్టులో పుట్టింది. ఆ రోజు గడిని నాలుగు రోజుల తర్వాత నింపాను. పుట్టిన టైం, బరువు 2.8 కిలోలు, ఇద్దరం బాగున్నాం, అంతే. టైమూ బరువూ ఆస్పత్రి కాగితంలో ఎటూ ఉన్నాయి. ఆ రోజు బాబాయి సంచిలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టుకుని వచ్చాడు. "మంచం దగ్గరికి ప్లగ్గు అందదు తల్లీ, ఎక్కడైనా ఇదే గొడవ" అని ఫోన్ చార్జింగ్ పెట్టి, వైరు ఎవరి కాలికీ తగలకుండా మంచం కింద నుంచి తీసి, మాస్కు సర్దుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఆ మాట నా పేజీలో లేదు. మా ఆయన ఈమధ్య గుర్తు చేస్తేగానీ నాకూ గుర్తు రాలేదు. ఇంకెన్ని అలా జారిపోయాయో.

చిన్న రోజుల పేజీలు అలా కావు. ఏమీ జరగలేదనుకున్న రోజుల్లో బాబాయి నిండా ఉన్నాడు. సాయంత్రం ఫోన్ చేసేవాడు. "ఏం లేదు తల్లీ, ఊరికే" అనే మొదలుపెట్టేవాడు. నేను "బాబాయి ఫోన్. ఊరికే" అని రాసేదాన్ని, రాయడానికి ఇంకేమీ లేదు కాబట్టి. ఆయన పోయాక ఒక రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. నూట నలభై ఒక్క చోట ఉంది ఆ మాట.

ఈ రకం డైరీ కొనేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మనిషి పోయాక ఈ పుస్తకం ఊరుకోదు. మామూలు డైరీ అయితే బీరువాలో పెట్టేసి, తట్టుకోగలిగిన రోజున తీయొచ్చు. ఇందులో ఇవాళ్టిది రాయాలంటే పైన ఆయన ఉంటాడు, గొంతుతో సహా. 2022 నవంబరులో నేను ఇరవై మూడు రోజులు రాయలేదు. ఆ గళ్లు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి, నింపే ప్రయత్నం చెయ్యలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకి దీన్ని కానుకగా ఇవ్వాలనుకుంటే కొంచెం ఆగి ఇవ్వమంటాను.

డిసెంబరులో పిన్ని అడిగింది. "నీ పుస్తకంలో మీ బాబాయి ఉన్నాడటగా, చదివి వినిపించవే" అని. అప్పటి నుంచి రాత్రి ఫోన్ చేసి ఆ తేదీ పేజీలో బాబాయి ఉంటే చదివేదాన్ని. లేకపోతే లేడని చెప్పేదాన్ని, ఆవిడ "సరేలే, రేపు ఉంటాడేమో" అనేది. జులై 9 పేజీలో 2019 గడిలో ఇలా ఉంది: "మంగళవారం. బాబాయి ఫోన్. గొడుగు బస్సులో మర్చిపోయాడట. తడిసి వచ్చాడట." అది చదివితే పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. గొడుగు మర్చిపోలేదట. బస్సు దిగేచోట చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ వానలో నిలబడి ఉంటే ఇచ్చేశాడట. ఆ గొడుగు పిన్ని అంతకు వారం ముందే కొన్నది, అందుకని తిడుతుందేమోనని అందరికీ మర్చిపోయానని చెప్పాడట. పిన్నికి నిజం తెలిసింది చాలా రోజులకి, అదీ మాటల్లో జారితే. ఆ గడి పక్క అంచులో పెన్సిల్‌తో ఈ సంగతి రాసి, రాసిన తేదీ వేశాను. అలాంటి పెన్సిల్ రాతలు ఇప్పుడు పుస్తకంలో ముప్ఫై దాకా ఉన్నాయి. నేను రాసినదాని పక్కన పిన్నికి తెలిసినది. కాబట్టి అంచు ఖాళీ బాగా ఉన్న డైరీ చూసుకోండి. కంపెనీలు అంచు తగ్గించి గీతలు పెంచుతుంటాయి, నన్నడిగితే అది తప్పు.

ఫోన్‌లో రాసుకునే యాప్‌లు కూడా ఇలా పాత తేదీలు చూపిస్తాయి కదా అని ఒకరు అడిగారు. చూపిస్తాయి. ఆరు నెలలు వాడాను. వెతుక్కోవడం తేలిక, నీళ్లు పడవు. కానీ దాంట్లో ఇంకొకరి చేతిరాత ఉండదు.

నాకు అది ఎంత ముఖ్యమో నవంబరు 17 పేజీ వల్ల తెలిసింది. 2021లో ఆ వారం మా ఆయన ఊళ్లో లేరు, నాకు జ్వరం. బాబాయి వచ్చి పదకొండు రోజులున్నాడు. రాత్రి డైరీ అందుకోబోతే "నువ్వు పడుకో, నేను రాస్తా" అని తీసుకున్నాడు. ఏం రాశాడో అప్పుడు చూడలేదు. మరుసటి ఏడాది రాయడం మానేసిన రోజుల్లో ఆ తేదీ వెళ్లిపోయింది. 2023లో పేజీ తీసినప్పుడు కనిపించింది. నిలువుగా, విడివిడిగా ఉండే రాత ఆయనది, ఒత్తులు కింది గీతని తగలకుండా జాగ్రత్తగా రాశాడు: "బుధవారం. తల్లికి జ్వరం 101. మాత్ర వేసుకుంది. పాప నా దగ్గర పడుకుంది. దుప్పటి తన్నేస్తోంది. నాలుగుసార్లు కప్పాను."

బాల్ పెన్నుతో రాశాడు. ఆ పేజీ మీద టేపు గానీ ప్లాస్టిక్ గానీ వెయ్యలేదు. ఎదురుపేజీ సిరా అంటకుండా మధ్యలో ఆమ్లం లేని తెల్ల కాగితం ఒకటి పెట్టాను. ఫోటో తీసి మూడు చోట్ల దాచాను. అప్పటినుంచి ఏటా డిసెంబరు 31న ఆ ఏడాది పేజీలన్నీ ఫోటోలు తీస్తాను, గంటన్నర పడుతుంది. రెండో పుస్తకం మొదలయ్యాక పాతదాన్ని బీరువాలో పెట్టలేదు, రెండూ పక్కపక్కన తెరిచి రాస్తున్నాను. కొత్తదాంట్లో పైన ఇంకా ఒక్క గడే నిండింది కాబట్టి ఎక్కువగా పాతదే చదువుతాను.

మొన్న నవంబరు 17న అలాగే రెండూ తెరిచి ఉన్నాయి. పాపకి ఐదేళ్లు నిండాయి, కనిపించిన అక్షరమల్లా కూడబలుక్కుంటోంది. ఒత్తులు ఇంకా రావు. బాబాయి రాతలో ఒక మాట మీద వేలు పెట్టి "దు... ప... టి" అని చదివింది. "దుపటి అంటే ఏంటమ్మా?" అంది. ప కింద ఇంకో ప ఉంది, దుప్పటి అనాలని చెప్పాను. "ఎవరిది?" అని అడిగింది. నీదే అన్నాను.