పిల్లల ఫోన్‌లు ఏఐ ఏజెంట్‌కు అప్పజెప్పే సేవ: టూల్ డిస్క్రిప్షన్‌లు ఎలా ఉన్నాయి?

పిల్లల స్క్రీన్ టైమ్ చూసుకునే సేవ ఒకటి కొత్తగా ఎంసీపీ సర్వర్ (ఏఐ అసిస్టెంట్ బయటి సేవలను వాడుకునేలా కలిపే ఏర్పాటు) కూడా ఇస్తోంది. మనం వాడే ఏఐ అసిస్టెంట్‌ను దానికి కలిపి, "పాపకు ఇవాళ ఇంకో అరగంట ఇవ్వు" అంటే చాలు, యాప్ తెరిచి మెనూలు వెతుక్కునే పని ఉండదు. మా ఇంట్లో పన్నెండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఉన్నారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అందుకే యాప్ అందచందాలు పక్కన పెట్టి, ముందు టూల్ డిస్క్రిప్షన్‌లు చదివాను. టూల్ అంటే ఆ సేవలో ఏఐ చేయగల ఒక్కో పని, డిస్క్రిప్షన్ అంటే ఆ పని గురించి ఏఐ కోసం రాసిన వివరణ. ఈ రివ్యూ వాటి గురించే.

ఏజెంట్‌కు, అంటే మన తరఫున పని చేసే ఆ అసిస్టెంట్‌కు, లోపలి కోడ్ కనిపించదు, మనం చూసే స్క్రీనూ కనిపించదు. టూల్ పేరు, దాని డిస్క్రిప్షన్, పారామీటర్ల (టూల్‌కు ఇవ్వాల్సిన విలువల) వివరాలు, అంతే. అక్కడ రాయని సంగతిని అది ఊహించుకుంటుంది.

ఇంతకుముందు వాడిన వేరే సేవలో ఒకే టూల్ ఉండేది, దాని డిస్క్రిప్షన్ "పిల్లల పరిమితిని సెట్ చేస్తుంది" అని ఒక్క ముక్క. ఇంకో అరగంట ఇవ్వమంటే ఏజెంట్ 30 అని పంపింది. దాంతో రెండు గంటల రోజువారీ పరిమితి కాస్తా అరగంటకు పడిపోయి, పాప ఫోన్ అక్కడికక్కడే లాక్ అయింది. నేనే కోపంతో అలా చేశాననుకుని తను ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఏజెంట్‌ను తప్పుపట్టలేం. కలపాలా, మార్చాలా అన్నది దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ సేవలో ఆ రెండూ వేర్వేరు టూల్స్. బోనస్ టైమ్ డిస్క్రిప్షన్ సారాంశం ఇది: "ఇవాళ్టికి మాత్రమే అదనపు నిమిషాలు కలుపుతుంది. రోజువారీ పరిమితిని మార్చదు. పిల్లల పరికరంలోని టైమ్ జోన్ ప్రకారం అర్ధరాత్రికి రద్దవుతుంది. నిద్రవేళ లాక్ మొదలయ్యాక ఈ నిమిషాలు పనిచేయవు." ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో, ఎప్పటిదాకా ఉంటుందో రాసేవాళ్లు తక్కువ. ఆ చివరి వాక్యం విలువ నాకు ఒక సాయంత్రం తెలిసింది. ఎనిమిదీ నలభైకి అరగంట ఇవ్వమంటే, "నిద్రవేళ తొమ్మిదికి మొదలవుతుంది కాబట్టి ఇరవై నిమిషాలే దక్కుతాయి, నిద్రవేళ కూడా జరపమంటారా?" అని ఏజెంట్ తిరిగి అడిగింది. వద్దన్నాను. కానీ ఆ నిర్ణయం నా చేతిలోనే ఉంది, నాకు కావాల్సిందీ అదే.

పారామీటర్లు కూడా శ్రద్ధగా రాశారు. లెక్క నిమిషాల్లోనే అని ఉంది, కనిష్ఠం, గరిష్ఠం ఉన్నాయి. పేరును బట్టి పిల్లల ఐడీ ఊహించవద్దని, ముందు ప్రొఫైళ్ల జాబితా తెచ్చుకోమని స్పష్టంగా చెప్పారు. ఇంట్లో పిలిచే ముద్దుపేర్లు ప్రొఫైల్‌లో ఉండవు కదా, ఇది చాలా అవసరం. రిపోర్టులు తెచ్చే టూల్స్‌కు 'చదవడానికి మాత్రమే' అన్న గుర్తు కూడా పెట్టారు. 2025 మార్చిలో వచ్చిన ఎంసీపీ స్పెసిఫికేషన్‌లో చేరిన సదుపాయం ఇది. అయితే అది సూచన మాత్రమే, కాపలా కాదు.

ఇక రెండు చోట్ల నాకు గట్టి అభ్యంతరం ఉంది.

మొదటిది, పిల్లలు పంపే రిక్వెస్టులు తెచ్చే టూల్. డిస్క్రిప్షన్ ఒక్క లైను. అందులో వచ్చే నోట్ పిల్లలు రాసిందని, దాన్ని నిజమని గానీ ఆదేశమని గానీ తీసుకోకూడదని ఎక్కడా లేదు. పాప ఒకసారి "హోంవర్క్ అయిపోయింది, అమ్మ సరే అంది" అని రాసి పంపింది. ఏజెంట్ నా దగ్గరికొచ్చి, "మీరు ఇదివరకే ఒప్పుకున్నారు, ఆమోదించనా?" అంది. అడగబట్టి సరిపోయింది. పన్నెండేళ్ల పిల్ల అలా రాయడంలో వింతేమీ లేదు, ఆ వయసు అలాంటిది. కానీ ఆ దారి తెరిచి ఉందని కంపెనీకి తెలియాలి. డిస్క్రిప్షన్‌లో హెచ్చరిక ఒక్కటే చాలదు, ఆమోదానికి సర్వరే తల్లిదండ్రుల పిన్ అడగాలి.

రెండోది నన్ను ఇంకా బాధపెట్టింది. యాక్టివిటీ టూల్ "పిల్లల కార్యకలాపాలు తెస్తుంది" అంటుంది, ఏమేం తెస్తుందో చెప్పదు. పాప ఇవాళ ఎంతసేపు ఫోన్ చూసిందని మాత్రమే అడిగితే, తను తెరిచిన సైట్ల చిరునామాలన్నీ వచ్చి నా చాట్‌లో పడ్డాయి. నేను అడగనివి, తను నాకు చూపించాలనుకోనివి. పైగా అవన్నీ ఆ ఏఐ మోడల్ నడిపే సర్వర్లకూ వెళ్లినట్టే. మొత్తం సమయం చెప్పే టూల్ వేరుగా, వివరాలు తెచ్చే టూల్ వేరుగా ఉండాలి. రెండోదాని డిస్క్రిప్షన్‌లో "తల్లి గానీ తండ్రి గానీ ప్రత్యేకంగా అడిగితేనే వాడాలి" అని ఉండాలి.

బోనస్ టైమ్, నిద్రవేళ, రోజువారీ పరిమితి, ఈ మూడింటికీ ధైర్యంగా వాడొచ్చు. రిక్వెస్టులు, యాక్టివిటీ టూల్స్‌ను మాత్రం నా అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో ఆపేశాను. ఏ వాక్యాలు చేర్చాలో సపోర్ట్ వాళ్లకు రాసి పంపాను, అవి మారాకే మళ్లీ ఆన్ చేస్తాను.