జిప్సీలో ఆయిల్ ప్రెషర్ మీటరు: ఆరేళ్ల వాడకం తర్వాత

మా మారుతి జిప్సీ డ్యాష్‌బోర్డులో ఆయిల్ గురించి చెప్పేది ఒక్క ఎర్ర దీపమే. తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. ఇక అది వెలగనంత కాలం అంతా బాగుందనుకుంటాం. నిజానికి చాలా కార్లలో ఆ దీపం వెనక ఉండే స్విచ్చు, ఆయిల్ ఒత్తిడి నాలుగు నుంచి ఏడు పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు, ఒత్తిడి కొలత) పడిపోయాక గాని పలకదు. పరుగులో ఉన్న ఇంజనుకు అప్పటికే జరగాల్సిన నష్టం మొదలై ఉంటుంది. నాన్న నడిపిన పాత మహీంద్రా జీపులో ఆయిల్‌కు విడిగా ఒక ముల్లు ఉండేది. ఘాటు ఎక్కేటప్పుడు ఆయన మలుపు మలుపుకూ దాని వంక చూసేవారు. ఆ అలవాటు నాకూ అంటింది. అందుకే 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ జిప్సీని పాతబండిగా కొన్న మూడో నెలలోనే మీటరు పెట్టించాను. ఉండేది విశాఖపట్నంలో. నెలకు రెండుసార్లయినా అరకు దారో పాడేరు దారో పడతాను. మీటరు పెట్టాక ఇప్పటికి 50 వేల కిలోమీటర్లు తిరిగాను.

మొదటిది 1,400 రూపాయల కిట్టు. ఇంజను బ్లాకుకు (ఇంజను ప్రధాన దిమ్మకు) ఉన్న దీపం స్విచ్చును తీసి, ఆ రంధ్రంలో ఇత్తడి టీ (ఇంగ్లీషు 'T' ఆకారపు జాయింటు) బిగించి, టీకి ఒక పక్క పాత స్విచ్చు, మరో పక్క ఒత్తిడిని పసిగట్టి మీటరుకు చేరవేసే సెండరు తగిలించాలి. వినడానికి ఇంతే. కానీ జిప్సీ బ్లాకులో ఉన్నది జపాన్ ఇంజన్లలో మామూలుగా కనిపించే బ్రిటిష్ కొలత మర: ఎనిమిదో వంతు అంగుళం సైజు, అంగుళానికి 28 చుట్లు. కిట్టులో వచ్చిన టీ అమెరికన్ కొలతది, 27 చుట్లు. కంటికి రెండూ కవల పిల్లలే. రెండు చుట్లు చేతితోనే హాయిగా ఎక్కి, ఆ తర్వాత పట్టేసింది. "కొత్తది కదా సార్, బిగుతుగానే ఉంటుంది" అంటూ మెకానిక్ పానా వేసి తిప్పాడు. నేనూ తల ఊపాను. కొంచెం ఆయిల్ చెమర్చుతుంటే టెఫ్లాన్ టేపు చుట్టి మళ్లీ బిగించాం. ఆ టేపు ముక్క తెగి ఆయిల్ దారిలో పడితే ఏమవుతుందో అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

పదకొండు నెలలు నడిచింది. ఒక ఆదివారం అనంతగిరి ఘాటులో 45 దగ్గర ఉండాల్సిన ముల్లు 20కి దిగింది. ఆ వెంటనే బోనెట్ సందుల్లోంచి ఆయిల్ కాలుతున్న వాసన. ఇంజను కట్టేసి చూస్తే, టీ మెడ దగ్గర వెంట్రుకంత పగులు. బరువైన సెండరు ఆ ఇత్తడి ముక్క చివర వేలాడుతూ, ఇంజను అదురుకు అన్ని నెలలూ ఊగుతూనే ఉంది. ఎర్ర దీపం అప్పటికీ వెలగలేదు. కాబట్టి ఆ మీటరును తిట్టాలో మొక్కాలో నాకు ఇప్పటికీ తేలలేదు: పగులు తెచ్చిందీ అదే, పగిలిన సంగతి చెప్పిందీ అదే. టీ విప్పేసి, పాత స్విచ్చును నేరుగా బ్లాకుకే బిగించి, శృంగవరపుకోట నుంచి ఆటోలో తెప్పించిన ఆయిల్ పోసుకుని ఇల్లు చేరాను.

రెండోసారి తొందరపడలేదు. వీడీఓ కంపెనీ 52 మిల్లీమీటర్ల ఎలక్ట్రిక్ మీటరు, 80 పీఎస్‌ఐ వరకు గీతలు ఉన్నది తీసుకున్నాను. వేడి ఆయిల్‌ను గొట్టంలో డ్యాష్‌బోర్డు దాకా తెచ్చే మెకానికల్ రకం మరింత కచ్చితంగా చూపిస్తుందంటారు గాని, ఆ గొట్టం తెగితే ఆయిల్ మోకాళ్ల మీద పడుతుంది. నాకు ఆ ధైర్యం లేదు. లేతు షాపులో 28 చుట్ల అడాప్టరు చేయించి, దానికి తీగ అల్లిక ఉన్న గొట్టం తగిలించి, టీనీ సెండరునూ లోపలి మడ్‌గార్డు రేకుకు క్లాంపుతో కట్టించాను. బ్లాకు మీద ఇప్పుడు బరువు లేదు. టేపు బదులు మరలకు పూసే పేస్టు వాడాం. మొత్తం ఖర్చు 6,500 రూపాయలు. అందులో సగం దాకా గొట్టానికీ అడాప్టరుకే పోయింది. మీటరు ఏది కొన్నా పరవాలేదు, ఆ సగం దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు.

ఒక్కటి మరిచాను. బ్లాకుకు బిగిస్తే సెండరుకు ఎర్తు దానంతట అదే అందుతుంది. గొట్టం చివర, రబ్బరు క్లాంపులో ఉన్నదానికి విడిగా ఎర్తు తీగ ఇవ్వాలి. ఇవ్వకపోయేసరికి తాళం తిప్పగానే ముల్లు ఆ చివరికి వెళ్లి కూర్చుంది. రాత్రికి రాత్రే నా ఇంజను పహిల్వాను అయిపోయిందనుకున్నాను. నాలుగో ఏట ఇదే నాటకం మరో రూపంలో జరిగింది. బ్యాటరీ మారుస్తూ సెండరు టెర్మినల్ విరగ్గొట్టుకుని, దొరికిన సెండరేదో తెచ్చి పెట్టాను. ఇంజను ఆపి ఉంటే నిండుగా, పరుగెత్తిస్తే కిందికి చూపించేది. నా మీటరుకు కావలసింది సున్నా ఒత్తిడి దగ్గర 10 ఓములు (కరెంటును అడ్డుకునే నిరోధం కొలత), నిండు ఒత్తిడి దగ్గర 184 ఓములు ఇచ్చే సెండరు. నేను తెచ్చింది 240తో మొదలై 33కు దిగే అమెరికన్ రకం. మీటరూ సెండరూ జోడీగా ఉండాలని అట్ట మీద రాసే ఉంది, చదివితే కదా.

ఇక ఇది నేర్పింది చాలా ఉంది. తెల్లవారుజామున స్టార్టు చేయగానే ముల్లు 65 దాటుతుంది. నీళ్ల వేడి చూపే ముల్లు ఐదారు నిమిషాల్లో తన చోటికి చేరుతుంది గాని, ఆయిల్ పలచబడి ఒత్తిడి కుదురుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ తేడా కళ్లారా చూశాక పొద్దున్నే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం మానేశాను. వేడెక్కాక 60 కిలోమీటర్ల వేగంలో 48 నుంచి 50, సిగ్నల్ దగ్గర ఐడిలింగులో 18. వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్‌ఐ అనే పాత లెక్కకు ఇది సరిపోతుంది. ఒకసారి పాడేరు ఘాటులో ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా ముల్లు 10కి జారి వెంటనే లేచేది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గీతకూ దిగువన ఉంది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఉన్న కాస్తా ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి మింగుతోందన్నమాట. ముప్పావు లీటరు పోయగానే జారుడు ఆగిపోయింది. దీపాన్నే నమ్ముకుని ఉంటే ఆ పూట ఇంకా ఎన్ని మలుపులు తిరిగేవాడినో.

చిరాకులు లేకపోలేదు. రాత్రి దీని వెలుతురు అద్దం మీద పడుతుంది, నల్ల టేపు ముక్క అంటించాను. కొత్తలో మా ఆవిడ, "మీరు ముల్లు చూస్తుంటే రోడ్డు నన్ను చూడమంటారా?" అని అడిగింది. ఆ జబ్బు తగ్గడానికి ఆరు నెలలు పట్టింది.

ఈ వేసవి నుంచి మాత్రం ఐడిలింగు అంకె 18 నుంచి 13కు దిగింది. ముందు మీటరునే అనుమానించి, వర్క్‌షాపులో మెకానికల్ గేజి పెట్టించి చూశాను. రెండింటికీ తేడా రెండే. 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. లేస్తుంది, నిజమే. చిక్కటి ఆయిల్‌తో ఏ అరిగిన ఇంజనులోనైనా లేస్తుంది, అరిగి ఒత్తిడిని జారవిడిచే బేరింగులు మాత్రం అరిగినవి అరిగినట్టే ఉంటాయి. బండి 1,62,000 కిలోమీటర్లు దాటింది. సంక్రాంతి వెళ్లాక చాంబర్ దించి చూద్దామని మెకానిక్ అంటున్నాడు. అప్పటిదాకా ఘాటు ఎక్కడం లేదు.