భుజం ఇరుక్కుంటే ఏం చేస్తారని అడిగితే జవాబు చెప్పిన ఆసుపత్రి

మాది ఉప్పల్. పోయిన నెల ఈ ఆసుపత్రిలో నా రెండో కాన్పు అయింది. పాప, 3.3 కిలోలు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానో కింద రాస్తాను, ముందు ఇక్కడికే ఎందుకు వచ్చానో చెప్పాలి.

నాలుగేళ్ల కిందట మొదటి కాన్పు వేరే చోట. ఆ పేరు రాయను. బాబు 4.2 కిలోలు. నాకు షుగర్ పరీక్ష చేయనే లేదు. తల బయటికి వచ్చాక భుజం ఆగిపోయింది. ఒకామె నా పొట్ట పైభాగాన్ని రెండు చేతులతో నొక్కింది, ఇంకొకరు తల పట్టి లాగారు. బాబు దక్కాడు కానీ కుడి చేయి వాలిపోయింది. పాలు తాగేటప్పుడు ఎడమ చేయి నా జాకెట్టు పట్టుకునేది, కుడిది పక్కన అలాగే పడి ఉండేది. మెడ దగ్గర నుంచి చేతికి వెళ్లే నరాలు సాగిపోయాయని, దీన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారని పదో రోజున పిల్లల డాక్టర్ చెబితేనే మాకు తెలిసింది. తొమ్మిది నెలలు ఫిజియోథెరపీకి తిరిగాం. చాలామంది పిల్లల్లాగే వాడికీ బాగా నయమైంది, అన్నం తనే కలుపుకుని తింటాడు. చొక్కా తొడిగేటప్పుడు మాత్రం ఇప్పటికీ కుడి చేయే ముందు దూరుస్తాను. అలవాటైపోయింది.

అందుకే ఈసారి నాలుగు ఆసుపత్రులు తిరిగి అన్నిచోట్లా ఒకటే ప్రశ్న అడిగాను: "భుజం ఇరుక్కుంటే మీ లేబర్ రూంలో ఏం చేస్తారు?" మిగతా మూడు చోట్ల ఏసీ రూం గురించి, ప్యాకేజీ గురించి చెప్పారు. "అవన్నీ ఆలోచించి టెన్షన్ పడకండమ్మా" అన్నారు. ఇక్కడ డాక్టర్ మేడమ్ నా పాత డిశ్చార్జి కాగితం అడిగారు. అందులో భుజం సంగతి ఒక్క ముక్క కూడా లేదు. నా నోటితో మొత్తం చెప్పించుకుని, ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో "షోల్డర్ డిస్టోసియా" అని రాశారు, అంటే తల వచ్చాక భుజం ఇరుక్కోవడం. ఒకసారి అయినవాళ్లకు మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువట.

తర్వాత మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చూసే అమ్మాయి, ఒక బొమ్మనూ కటి ఎముకల నమూనానూ తెచ్చి చూపించింది. తల్లి మోకాళ్లు రెండూ ఛాతీ వైపుకి బాగా మడిస్తే దారి కొంచెం పెరుగుతుంది. పొత్తికడుపు కింద, ఎముకకు సరిగ్గా పైన నొక్కితే భుజం పక్కకి తిరుగుతుంది. పొట్ట పైభాగాన మాత్రం నొక్కకూడదు, నొక్కితే భుజం ఆ కటి ఎముకకు ఇంకా బిగుసుకుపోతుంది. ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. నా తప్పేమో, నేను సరిగ్గా ముక్కలేదేమో అని నాలుగేళ్లు అనుకున్నాను. ఆ అమ్మాయి బొమ్మ పక్కన పెట్టి, నేను తేరుకునేదాకా చేయి పట్టుకుని కూర్చుంది.

షుగర్ పరీక్ష మొదటిసారి వెళ్లినప్పుడే చేశారు, ఆరో నెల దాటాక మళ్లీ చేశారు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తారు. 140, ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు. నాకు రెండోసారి 156 వచ్చింది. అన్నం తగ్గించి రాత్రిపూట జొన్నరొట్టె తిన్నాను, తిన్నాక డాబా మీద నడిచాను. ఇద్దరి తిండి తినాలనే మా అత్తమ్మకి మేడమే కూర్చోబెట్టి చెప్పారు, తల్లికి షుగర్ ఎక్కువైతే బిడ్డకి భుజాల దగ్గర కొవ్వు పడుతుందని.

ఆపరేషనా, మామూలు కాన్పా అన్నది మా మీద రుద్దలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే, కాబట్టి ఇక్కడా అదే అంటారనుకున్నాను. రెండింట్లో ఉన్న ప్రమాదాలూ చెప్పారు. స్కాన్‌లో చెప్పే బరువు అటూ ఇటూ అవుతుందని కూడా దాచలేదు. ఆపరేషన్ అయితే ముందే ముహూర్తం పెట్టిస్తామని అత్తమ్మ అంటే, 39 వారాలు నిండకుండా చేస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది రావచ్చని గట్టిగా వద్దన్నారు.

నేను మామూలు కాన్పే అన్నాను. 39వ వారంలో నొప్పులు తెప్పించారు. బిడ్డ గుండె కొట్టుకోవడం వదలకుండా చూశారు. తల కనబడే సమయానికి పిల్లల డాక్టర్ వచ్చి నిలబడ్డారు, గోడ గడియారం దగ్గర ఒక నర్సు కాగితం పట్టుకుని ఉంది. మంచం పక్కన చిన్న స్టూల్ వేశారు. ఎందుకని అడిగితే, అవసరమైతే ఎక్కి పొత్తికడుపు దగ్గర నొక్కడానికని చెప్పారు. ఎవరూ ఎక్కాల్సిన పని పడలేదు. కానీ ఆ స్టూల్‌ని చూస్తూనే నేను ధైర్యంగా ముక్కాను.

మర్నాడు పిల్లల డాక్టర్ పాప తలని చేత్తో పట్టి కొద్దిగా వదిలి చూశారు. ఉలిక్కిపడి రెండు చేతులూ ఒకేలా చాచింది.

ఇక స్టార్ తగ్గించింది ఓపీ గురించి. అపాయింట్‌మెంట్ ఉన్నా రెండు గంటలు కూర్చోవాలి, నిండు నెలల వాళ్లకి కూడా కుర్చీలు చాలవు. డిశ్చార్జి రోజు బిల్లు పొద్దున పదకొండుకి మొదలుపెట్టి సాయంత్రం నాలుగుకి ఇచ్చారు. బాలింతని అంతసేపు కూర్చోబెట్టడం బాగా లేదు. పిల్లల డాక్టర్ ఫీజు ప్యాకేజీలో లేదని చివర్లో తెలిసింది, ముందే అడిగి రాయించుకోండి.

మొదటి కాన్పులో మాలాగా జరిగినవాళ్లు పాత కాగితాలన్నీ పట్టుకెళ్లండి. కాగితంలో రాసి లేకపోయినా, బిడ్డ బరువెంతో, ఎవరు ఎక్కడ నొక్కారో మొదటిరోజే చెప్పండి.