గ్యాలరీ టికెట్ కొనేముందు వెనక గేటు చూసి రండి

సంక్రాంతి వస్తోంది. మా వైపు రాత్రిపూట కబడ్డీ టోర్నమెంట్లకు పోస్టర్లు పడుతున్నాయి. టికెట్లు కొనబోయేవాళ్లు దయచేసి ముందు ఇది చదవండి.

పోయిన పండక్కి ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో ఫైనల్ చూడటానికి మా మేనల్లుణ్ణి తీసుకుని వెళ్లాను. వాడికి తొమ్మిదేళ్లు. టికెట్ మనిషికి 200 రూపాయలు. జామాయిల్ కర్రలు కట్టి పైన చెక్కలు పరిచిన గ్యాలరీ, చుట్టూ రేకులు. లోపలికి పోవడానికి ఒక్కటే సందు, ఇద్దరు పక్కపక్కన పట్టరు. వెనక ఇంకో గేటు ఉంది గానీ దానికి తాళం. గ్యాలరీ నిండిపోయాక కూడా టికెట్లు అమ్ముతూనే ఉన్నారు.

ఆట అయిపోయి మేం దిగుతుంటే, కప్పు ఇచ్చేది చూద్దామని బయటి జనం అదే సందులోంచి లోపలికి వచ్చారు. రెండు నిమిషాల్లో నా చేతులు పైకి లేవని పరిస్థితి. నా కాళ్లతో నేను నడవడం లేదు, జనం ఎటు తోస్తే అటు పోతున్నాను. "మామా, ఊపిరాడటం లేదు" అన్నాడు పిల్లాడు. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్లు వాణ్ణి పైకి లేపి రేకుల మీదుగా అవతలికి అందించారు. వాళ్లెవరో తెలియదు, కనిపిస్తే దండం పెడతాను. వెనక గేటు తాళం చెవి ఉన్నాయన అప్పుడు భోజనానికి పోయాడట.

మర్నాడు కమిటీవాళ్లను అడిగితే, "టికెట్లు కాంట్రాక్టుకి ఇచ్చేశాం" అన్నారు. కాంట్రాక్టర్ని అడిగితే గ్యాలరీ కట్టింది టెంట్‌హౌస్ వాళ్లన్నాడు. టెంట్‌హౌస్ ఆయన "జనాన్ని ఎక్కించింది నేను కాదు కదా" అన్నాడు. మన దగ్గర డబ్బు తీసుకున్నప్పుడు మాత్రం ఎవరూ పక్కవాడి పేరు చెప్పలేదు.

మనం తొక్కిసలాట అంటాం గానీ, ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ల కింద పడి కాదు, నిలబడినచోటే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోతారు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిందదే. 97 మంది పోయారు. తప్పంతా వచ్చిన జనానిదే అన్నారు మొదట. అది నిజం కాదని 2016లో జ్యూరీ తేల్చేదాకా ఆ కుటుంబాలు 27 ఏళ్లు పోరాడాయి. అంతదూరం ఎందుకు, 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలప్పుడు తాత్కాలిక గ్యాలరీ కూలి వందమందికి పైగా దెబ్బలు తగిలాయి. 2025 జూన్ 4న బెంగళూరులో ఐపీఎల్ కప్పు సంబరాలప్పుడు స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. మన కందుకూరులో 2022 డిసెంబర్ 28న 8 మంది పోయింది రాజకీయ సభలో. సభ వేరు, ఆట వేరు. ఇరుకు మాత్రం ఒకటే.

అందుకని డబ్బు కట్టేముందు గ్యాలరీ చుట్టూ ఒకసారి నడిచి రండి. తాళం కనిపిస్తే ఫోటో తీసి కౌంటర్లో అడగండి. తాళం తీయకపోతే టికెట్ కొనకండి, 112కి ఫోన్ చేసి చెప్పండి. లోపల ఇరుక్కుంటే చేతులు రెండూ ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఎదురు తోయకండి, సందు దొరికినప్పుడల్లా ఐమూలగా అంచువైపు జరగండి.

టికెట్ ముక్క, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచుకోండి. నేను టికెట్ పారేశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఎలా చేయాలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చెబుతారు.

మొన్న ఆదివారం అదే మైదానానికి వెళ్లి చూశాను. వెనక గేటుకు తాళం అలాగే ఉంది. "ఆట రోజు తీస్తాంలే అన్నా" అన్నారు. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆ పేరు, ఫోన్ నంబరు గేటు మీద పెద్దక్షరాలతో రాయమన్నాను. ఇంకా రాయలేదు.