మెట్రోపొలిటానోలో సోనియా జట్టు ఫైనల్: టికెట్‌కి నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్క స్టార్ మ్యాచ్ వల్ల పోలేదు, టికెట్లు కొన్న రీసేల్ యాప్ వల్ల పోయింది. పేరు చెప్పను. పక్కపక్క సీట్లు రెండు అని డబ్బులు కట్టించుకుని, మ్యాచ్ రోజు మధ్యాహ్నం ఫోన్‌లోకి పంపిన టికెట్లు చూస్తే నాదొక వరస, మా ఆవిడది నాకు అయిదు వరసలు కింద. చాట్‌లో అడిగితే మెషిన్ మాట్లాడింది, "మీ సమస్య అర్థమైంది" అని మూడుసార్లు చెప్పి కనెక్షన్ కట్ చేసింది. సరే, అది పక్కన పెడదాం.

మ్యాచ్ ఏంటంటే 2025 డిసెంబర్ 2, మంగళవారం, మాడ్రిడ్‌లోని మెట్రోపొలిటానో స్టేడియంలో ఉమెన్స్ నేషన్స్ లీగ్ (యూరప్ దేశాల ఆడవాళ్ళ ఫుట్‌బాల్ పోటీ) ఫైనల్ రెండో లెగ్, అంటే రెండు మ్యాచ్‌ల ఫైనల్లో రెండోది, స్పెయిన్, జర్మనీ. మొదటి లెగ్ జర్మనీలోని కైజర్స్‌లాటర్న్‌లో 0-0. అంటే ఈ రాత్రి ఎవరు గెలిస్తే వాళ్ళదే కప్పు. ఆడవాళ్ళ మ్యాచ్ టికెట్టు ఇక్కడి మగవాళ్ళ పెద్ద క్లబ్ మ్యాచ్ టికెట్టు ముందు చాలా తక్కువ, అందుకే వారం మధ్యలో ఆఫీసు తొందరగా కట్టేసి వెళ్ళడానికి పెద్దగా ఆలోచించలేదు. కానీ నిజం చెప్పాలంటే నేను కొన్నది ప్లేయర్లని చూడ్డానికి కాదు, కోచ్‌ని చూడ్డానికి. స్పెయిన్ కోచ్ సోనియా బెర్ముదెస్. (ఫోన్‌లో మా అత్తగారికి "సోనియా కోసం వెళ్తున్నాం" అంటే ఆవిడ ఢిల్లీ వెళ్తున్నారా అని అడిగింది.)

ఈ సోనియా మాడ్రిడ్ అమ్మాయే, 1984లో పుట్టింది. స్ట్రైకర్. ఊళ్ళో వాయెకాస్ అని కార్మికుల పేట ఒకటి ఉంది, అక్కడి రాయో వాయెకానో క్లబ్ ఆడవాళ్ళ జట్టు 2009, 2010, 2011, వరసగా మూడేళ్ళు స్పెయిన్ లీగ్ గెలిచిందంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు, ఎందుకంటే ఆ జట్టు తర్వాత మొదటి డివిజన్ నుంచే కింద పడిపోయింది. ఆ మంచి రోజుల్లో వాళ్ళకి గోల్స్ కొట్టినవాళ్ళలో ఈవిడ ఒకరు. అక్కడి నుంచి బార్సిలోనా వెళ్ళింది, ఆమె ఉన్న నాలుగు సీజన్లూ బార్సానే ఛాంపియన్. తర్వాత అట్లెటికో మాడ్రిడ్, చివర్లో లెవాంతె, 2020లో ఆట మానేసింది. స్పెయిన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళకిచ్చే పిచిచి బహుమతి నాలుగుసార్లు తీసుకుంది. ఇంత రికార్డు ఉన్నా బయట దేశాల్లో పేరు పెద్దగా తెలియదు, ఎందుకంటే ఆమె ఆడిన కాలంలో ఆ లీగ్‌ని టీవీలో చూపించిందే తక్కువ. పుట్టడం పదేళ్ళు తొందరపడింది, అంతే.

అసలు నాకు ఈ కథలో గుచ్చుకునేది 2015. కెనడాలో జరిగిన ఆ ప్రపంచకప్పు స్పెయిన్ ఆడవాళ్ళకి మొట్టమొదటిది, సోనియా ఆ జట్టులో ఉంది. మూడు మ్యాచ్‌లు, ఒక డ్రా, రెండు ఓటములు, గ్రూప్‌లో ఆఖరి స్థానం, ఇంటికి టికెట్. అప్పటి కోచ్ ఇగ్నాసియో కెరెదా 1988 నుంచి అదే కుర్చీలో ఉన్నాడు, ఇరవై ఏడేళ్ళు! ఓడిపోయాక జట్టులోని ఇరవై ముగ్గురూ కలిసి, ఈయన మాకొద్దు, మమ్మల్ని సరిగా సిద్ధం చేయలేదు అని బహిరంగంగా ప్రకటన ఇచ్చారు. ఆ వేసవిలోనే ఆయన వెళ్ళిపోయాడు. కోచ్ మారాలి అని సంతకం పెట్టిన అదే అమ్మాయి పదేళ్ళకి అదే కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలా వద్దా, మీరే చెప్పండి. పైగా ఈ జట్టులోనూ ఉన్న అలెక్సియా పుతెయాస్, డిఫెన్స్‌లో ఇరేనె పరేదెస్, వీళ్ళిద్దరూ 2015లో సోనియాతో పాటే ఆ జట్టులో ఉన్నారు. అలెక్సియా అయితే బార్సాలో కూడా ఆమెతో కలిసి ఆడింది. నిన్న మొన్నటి దాకా పక్కన కూర్చుని బూట్లు కట్టుకున్న మనిషి ఇవాళ నిన్ను బెంచ్ మీద కూర్చోబెట్టగలదు, అది మామూలు టెన్షన్ కాదు.

మధ్యలో జరిగినవి చాలామందికి తెలుసు కాబట్టి గబగబా: కెరెదా తర్వాత హోర్హె విల్దా, 2022లో అతని మీద పదిహేనుమంది ప్లేయర్ల తిరుగుబాటు, 2023లో సిడ్నీలో ఇంగ్లండ్‌ని 1-0తో కొట్టి ప్రపంచకప్పు, ఆ వెంటనే స్పెయిన్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ అధ్యక్షుడు వేదిక మీద ఒక ప్లేయర్‌ని ముద్దుపెట్టుకున్న గొడవ, విల్దా ఉద్యోగం పోవడం, అతని అసిస్టెంట్ మోంత్సె తోమె రావడం. ఈ జట్టుకి మొదటి మహిళా కోచ్ ఆవిడే, ఆవిడా ఒకప్పుడు బార్సా ప్లేయరే. 2024 నేషన్స్ లీగ్ గెలిపించింది, 2025 యూరో ఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో పెనాల్టీల్లో పోగొట్టుకుంది, ఆగస్టులో కాంట్రాక్ట్ పొడిగించలేదు. నాకైతే అది కాస్త అన్యాయమే అనిపించింది. పెనాల్టీల్లో ఒక రాత్రి అటూ ఇటూ అయినందుకా? ఆ ఖాళీలోకే సోనియా వచ్చింది, అప్పటిదాకా ఫెడరేషన్‌లోనే కుర్ర జట్లకి నేర్పుతోంది.

ఇక ఆ రాత్రి సంగతి. స్టేడియంకి మెట్రో లైన్ 7 ఎక్కితే సరిగ్గా గేటు దగ్గరే దింపుతుంది, అవెనిదా దె అమెరికా దగ్గర మారితే సుఖం. డిసెంబర్ చలి పైనుంచి గాలిగా కొడుతుంది, కాబట్టి మంకీ క్యాప్ పెట్టుకోండి, సిగ్గుపడకండి, నేను పెట్టుకున్నా. తిండి గురించి అడిగేవాళ్ళకి: ఇక్కడివాళ్ళు ఇంటి నుంచే పెద్ద బ్రెడ్డులో ఏదో పెట్టి వెండి కాగితంలో చుట్టి తెచ్చుకుంటారు, హాఫ్‌టైమ్ విజిల్ పడగానే స్టేడియం మొత్తం కాగితం విప్పే చప్పుడు. మేం పులిహోర పట్టుకెళ్ళాం, పక్కాయన రెండు చెంచాలు తిని "కారం లేదు" అన్నాడు, నా గుండె బద్దలైంది. మిగతా టైమంతా పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పొట్టు కాళ్ళ దగ్గర ఊస్తుంటారు, మన పల్లీల పొట్లం లాగే, కాకపోతే రెండు గంటల తర్వాత నేల కనపడదు.

జనం 55,843. స్పెయిన్ ఆడవాళ్ళు సొంతగడ్డ మీద ఆడిన మ్యాచ్‌కి అప్పటికి ఇదే రికార్డు. 2024 ఫిబ్రవరిలో సెవిల్లాలో ఫ్రాన్స్ మీద ఫైనల్‌కి 32,657 మంది వస్తేనే అబ్బో అన్నారు. పిల్లలు ఎక్కువ, అందులోనూ మగపిల్లలు వీపు మీద అలెక్సియా పేరు రాసుకుని తిరుగుతుంటే మా ఆవిడ ఫోటోలు తీస్తూనే ఉంది. ఆమెది నిజామాబాద్, వాళ్ళ జిల్లా నుంచే సౌమ్య గుగులోత్ భారత జట్టులోకి వెళ్ళిందని ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తుంది, ఆ రాత్రి అయిదు వరసల కింద కూడా ఎవరికో చెప్పిందట.

మొదటి సగం మాత్రం నిరాశే. ప్రపంచంలో ఉత్తమ ప్లేయర్‌కిచ్చే బాలన్ డోర్ మూడుసార్లు గెలిచిన ఐతానా బొన్మతి రెండు రోజుల ముందే ప్రాక్టీసులో కాలి ఎముక విరగ్గొట్టుకుంది, ఆ లోటు మిడ్‌ఫీల్డ్‌లో కనిపించింది. పాస్ మీద పాస్, పాస్ మీద పాస్, గోల్ లేదు, పక్కాయన గింజల స్పీడు పెంచాడు. "డబ్బులు పోయాయి" అని మా ఆవిడకి మెసేజ్ పెట్టాను, ఆమె బొటనవేలు కిందకి పెట్టింది.

61వ నిమిషంలో క్లౌదియా పీనా. 68లో విక్కీ లోపెస్. 74లో మళ్ళీ పీనా, ఇది దూరం నుంచి కొట్టిన షాట్, నేనున్న చోటి నుంచి బంతి వంపు మొత్తం కనిపించింది. పదమూడు నిమిషాల్లో మూడు గోల్స్, 3-0, కప్పు. ఈ విక్కీ లోపెస్ ఎవరో మనవాళ్ళకి గుర్తుండాలి: 2022లో మన దేశంలో జరిగిన పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల ప్రపంచకప్పులో, నవీ ముంబైలో కొలంబియా మీద ఫైనల్ గెలిచిన స్పెయిన్ జట్టులో ఉత్తమ ప్లేయర్‌గా గోల్డెన్ బాల్ అందుకున్న పిల్ల. అప్పుడు పదహారేళ్ళు.

సోనియా లెక్క చూడండి: సెమీఫైనల్లో స్వీడన్ మీద 4-0, 1-0, ఫైనల్లో 0-0, 3-0. నాలుగు మ్యాచ్‌లు, ఎనిమిది గోల్స్, ఒక్కటి కూడా తినలేదు. జీవితమంతా గోల్స్ కొట్టిన మనిషి కోచ్ అయ్యాక ముందు తలుపు గడియ వేయడం నేర్పించడం నాకు భలే నచ్చింది. ఇంకా పరీక్షలు చాలా ఉన్నాయి, కొత్త కాబట్టి అందరూ మెచ్చుకుంటున్నారు, ఒక్క ఓటమి పడితే ఇదే జనం తోమెని అన్నట్టే అంటారు, అది వేరే విషయం.

వెళ్ళేవాళ్ళకి ఒకే సలహా: సీటు బెంచీల వైపు తీసుకోండి. నేను ఎదురు వైపు పడ్డాను కాబట్టి, వచ్చింది ఎవరి కోసమో ఆవిడ నాకు తొంభై నిమిషాలూ కోటు వేసుకున్న అగ్గిపుల్ల అంత కనిపించింది. టికెట్ మాత్రం నేరుగా ఫెడరేషన్ సైట్‌లోనే కొనండి. ఆ యాప్ వాళ్ళ నుంచి మొన్న మెయిల్ వచ్చింది, డబ్బు వాపసు గురించేమో అని ఆశగా తెరిచా. "మీ అనుభవాన్ని రేట్ చేయండి" అట. చేశాను. ఒకటి.