ఎనిమిది తీగల యుకులేలే: పేచీ అంతా ఒక్క తీగతోనే

మిగతా ఏడు తీగలూ నెలల తరబడి బుద్ధిగా పడి ఉంటాయి. ఎనిమిదోది, సి జంటలో పై స్థాయిలో పలికే ఆ సన్న తీగ, చెప్పాపెట్టకుండా టప్‌మంటుంది. మూడేళ్లుగా వాడుతున్న టెనార్ ఇది, అంటే చిన్న గిటార్ లాంటి యుకులేలేలో కాస్త పెద్ద సైజు. ఎనిమిది తీగలూ నాలుగు జంటలు, వాటికి పాశ్చాత్య స్వరాల పేర్లు: జి, సి, ఇ, ఎ. చెక్క, పాలిష్, బిరడల మెరుపు గురించి అమ్మేవాళ్లు కావలసినంత చెబుతారు. నా సమీక్షంతా ఆ తీగ చుట్టూనే తిరుగుతుంది.

జి జంట 196, 392 హెర్ట్జ్. సి జంట 261.6, 523.3. ఈ రెండు జంటల్లోనూ ఒక తీగ కింది స్థాయి, ఒకటి పై స్థాయి. ఇ జంట రెండూ 329.6, ఎ జంట రెండూ 440. అంకెలు ఇంకోసారి చూడండి. అన్నిటికన్నా పై శ్రుతి చివరనున్న ఎ తీగది కాదు, మధ్యలో దాక్కున్న సన్న సి తీగది. నాలుగు తీగల యుకులేలేలో దీనికి సాటి వచ్చే తీగే లేదు, అందుకే అది వాయించి వచ్చినవాళ్లకు ఈ బెడద కొత్తగా ఉంటుంది.

తెగడానికి కారణం లెక్కలోనే ఉంది. టెనార్‌లో నట్ (తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి శాడిల్ (తీగలు కట్టే బ్రిడ్జి మీద అవి ఆనే పట్టీ) దాకా 17 అంగుళాలు, అంటే 0.432 మీటర్లు. దాన్ని 523తో గుణిస్తే 226. పేగు తీగలు ఈ అంకె 240, 260 మధ్యకు చేరేసరికి తెగుతాయని ల్యూట్ అనే పాత యూరప్ తీగ వాయిద్యం వాయించేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పేగును పోలేలా తయారుచేసిన సింథటిక్ తీగలకూ ఇక్కడ చేతిలో పెద్దగా మిగులు ఉండదు. అదే ఎ తీగకైతే ఈ అంకె 190 మాత్రమే.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: సన్నగా ఉంది కాబట్టి తెగుతోందనుకుని కాస్త లావు తీగ ఎక్కించడం. దానివల్ల ఒరిగేదేమీ లేదు. తీగ లావెక్కితే దాని బలం ఎంత పెరుగుతుందో, అదే శ్రుతి పలకడానికి కావలసిన బిగువూ సరిగ్గా అంతే పెరుగుతుంది. పైగా ఆ అదనపు బరువంతా బ్రిడ్జి మీద పడుతుంది. ఫ్లోరోకార్బన్ తీగ కూడా ఇక్కడ పనికొచ్చే మందు కాదు. అది నైలాన్ కన్నా బరువైన పదార్థం, అదే లావులో అదే శ్రుతికి ఇంకా బిగించాలి. నా వాయిద్యంలో ఎక్కువ కాలం నిలిచింది మామూలు నైలాన్, 0.45 మిల్లీమీటర్లది. గాలానికి కట్టే తీగ ఆ లావులోది, రంగు వేయనిది, దొరికితే నిక్షేపంగా సరిపోతుంది. బిగువు లెక్కేస్తే నాలుగు కిలోల లోపే వస్తుంది.

తెగినప్పుడు వెంటనే ముక్క పారేయకుండా ఎక్కడ తెగిందో చూడాలి. బ్రిడ్జి ముడి దగ్గర తెగితే, ముడి ఒక్క చుట్టే వేసి ఉంటారు. సన్న నైలాన్ ఒక్క చుట్టుకు జారుతుంది, జారి జారి ఒకచోట కోసుకుంటుంది. తీగ కొసన ముందుగా ఎనిమిది అంకె ఆకారంలో ఒక ముడి వేసి, తర్వాత రెండు మూడు చుట్లు తిప్పి కట్టాలి. నట్ దగ్గర తెగితే గాడి అంచు పదునుగా ఉన్నట్టు. 1000 నంబరు ఉప్పు కాగితాన్ని సన్నగా మడిచి, గాడిలో బిరడ వైపు కాస్త వాలుగా నాలుగైదు సార్లు లాగి, పెన్సిలు ముల్లు రాస్తే చాలు. గాడిని లోతు చేయకూడదు, చేస్తే తీగ మొదటి మెట్టును తాకి జుయ్‌మంటుంది. నా వాయిద్యంలో మాత్రం తప్పు ఈ రెండు చోట్లా లేదు, బిరడ రంధ్రంలో ఉంది. లోపల లోహపు గరుకు మిగిలి ఉంది, తీగ మొదటి చుట్టు తిరిగే చోటే కోత పడుతోంది. మూడు తీగలు వరుసగా ఒకే కొలత దగ్గర తెగాక గానీ అనుమానం ఆ వైపు పోలేదు. రంధ్రంలో ఉప్పు కాగితం దూర్చి రుద్దాక కోతలు ఆగాయి. పూర్తిగా అంటే అబద్ధం, చాలావరకు.

మరో ప్రమాదం ట్యూనర్‌తో. శ్రుతి చూసుకోవడానికి వాయిద్యం తలకు తగిలించే క్లిప్ ట్యూనర్లలో చాలావాటికి స్వరం పేరే కనిపిస్తుంది, స్థాయి కనిపించదు. సన్న తీగ ఇంకా వదులుగా 261 దగ్గర ఉన్నా ‘సి’ అనే చూపిస్తుంది, 523 దగ్గరా ‘సి’యే. మొదటిసారి ఎక్కించేవాళ్లు అక్కడ రెండు రకాలుగా దెబ్బతింటారు: వదులు తీగను సరిగ్గా ఉందనుకుని వదిలేస్తారు, లేదా లావు సి తీగను పై స్థాయికి లాగబోయి వాయిద్యాన్నే హింస పెడతారు. ముందు లావు సి తీగను శ్రుతి చేసి, దాని పన్నెండో మెట్టు నొక్కి మీటండి. సన్న తీగ ఖాళీగా మీటితే పలకాల్సింది ఆ స్వరమే. గురి తప్పి పైకి పోయిందంటే తీగ పోయినట్టే, కాబట్టి చివరి స్వరం దూరాన్ని పావు తిప్పు చొప్పున, మధ్యమధ్యలో తీగను వేలితో పైకి లాగి సాగదీస్తూ ఎక్కించాలి. కొత్త తీగ వారం పది రోజులు సాగుతూనే ఉంటుంది.

ఇంతకీ అసలు మందు ఏమిటంటే, మొత్తం వాయిద్యాన్నే ఒక స్వరం కిందికి దించడం. జి సి ఇ ఎ బదులు ఎఫ్, బి ఫ్లాట్, డి, జి. అప్పుడు సన్న తీగ 466 హెర్ట్జ్‌కు దిగుతుంది, లెక్క 201 అవుతుంది, బిగువు అయిదో వంతు తగ్గుతుంది. మామూలు శ్రుతిలో పాడాలంటే రెండో మెట్టు మీద క్యాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు. క్యాపో జంటలో సన్న తీగను కూడా సమంగా నొక్కేలా రబ్బరు మెత్తగా ఉండాలి, లేకపోతే లావు తీగే పలుకుతుంది. విచిత్రమేమిటంటే, రెండో మెట్టు దగ్గర మిగిలే పొడవు 15 అంగుళాల పైచిలుకు, అంటే టెనార్ కన్నా చిన్నదైన కాన్సర్ట్ సైజు. 1920ల్లో మార్టిన్ కంపెనీ టారోప్యాచ్ పేరుతో చేసిన ఎనిమిది తీగల వాయిద్యాలది కాన్సర్ట్ సైజే. ఆ పొడవులో 523 హెర్ట్జ్‌కు ఈ లెక్క 199 మాత్రమే. పాతవాళ్లు ఎంచుకున్న కొలతకు ఈ గొడవ లేదన్నమాట, టెనార్‌కు పెంచినప్పుడే తెచ్చుకున్నాం.

శ్రుతి చేసే పద్ధతి విషయంలో ట్యూనర్‌ను సగం వరకే నమ్మండి. జంటలో ఒక తీగ రెండు సెంట్లు (సెంటంటే అర స్వరంలో నూరో వంతు) పైన, రెండోది రెండు సెంట్లు కింద ఉన్నా ట్యూనర్ రెంటికీ పచ్చ దీపమే వెలిగిస్తుంది. 440 దగ్గర ఆ నాలుగు సెంట్ల తేడా సెకనుకు ఒక ఊగుగా వినిపిస్తుంది. కాబట్టి జంటలో ఒకదాన్ని ట్యూనర్‌తో, రెండోదాన్ని చెవితో, ఊగు ఆగేదాకా. మిగతా తీగల మధ్య ఊలు దారం అల్లి నోరు మూయించాలి. ఖాళీ తీగల దగ్గర కలిసిన, స్థాయి తేడా ఉన్న జంట మూడో మెట్టు దగ్గర కాస్త విడిపోతుంది, ఎందుకంటే నొక్కినప్పుడు లావు తీగ, సన్న తీగ పైకి జరిగేది ఒకేలా కాదు, కింద శాడిలేమో ఒకటే. నేను సి జంటను రెండో మెట్టు నొక్కి కలుపుతాను. ఏడో మెట్టు దాటాక ఏం చేసినా పూర్తిగా కలవదు.

కొన్న కొత్తలో దీని నాదం గురించి ఎవరు అడిగినా రెండు వాయిద్యాలు కలిసి మోగినట్టుందని చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ నిజమే, కుడిచేత్తో వాయించుకుంటూ పాడినంతసేపు. జి జంట కలిసి మోగినప్పుడు వచ్చే నిండుదనం నాలుగు తీగల మీద రానే రాదు. కానీ ఒక్కో స్వరం మీటి పాట పలికించాలంటే సి జంట దగ్గర చెవి తికమక పడుతుంది, ఏ స్థాయి వినిపిస్తోందో తేలదు. బొటనవేలు కిందికి మీటితే సన్న తీగే ముందు తగులుతుంది, చూపుడువేలు పైకి మీటితే లావుది. గమకాల సంగతి ఎత్తకపోవడమే మేలు. తీగ పక్కకు లాగితే రెండూ ఒకేలా సాగవు. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జంటల మాండలిన్‌ను వదిలి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నది ఎందుకో, దీని మీద ఒక్కసారి తోడి రాగం ప్రయత్నిస్తే వేళ్లకే అర్థమవుతుంది.

బ్రిడ్జి మీద బరువు నాలుగు తీగలప్పటికన్నా దాదాపు రెట్టింపు. నెలకోసారి బ్రిడ్జి వెనక అంచు కింద సన్న కాగితం దూర్చి చూస్తాను, దూరితే అదే రోజు తీగలన్నీ వదులు చేయాలి. ఎండాకాలం కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి లేస్తుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కో జంట చొప్పున మార్చడం మంచిది.

కొనాలా అంటే, ఇంట్లో ఇప్పటికే ఒక నాలుగు తీగలది ఉండి, పాటకు తోడు వాయించడమే పనైతే, శ్రుతి చేయడానికి ప్రతిసారీ పది నిమిషాలు పోతే విసుక్కోని మనిషైతే, సరే. మొదటి యుకులేలేగా మాత్రం వద్దు. ఆరు తీగలది తీసుకుంటే తప్పించుకోవచ్చని కొందరంటారు. జి, ఇ ఒంటి తీగలు కాబట్టి బ్రిడ్జికి, ఓపికకు కాస్త ఊరటే. కాకపోతే దాంట్లోనూ సి జంట ఉంటుంది. నా మటుకు ఇది ఎఫ్ శ్రుతిలోనే ఉండిపోయింది, పెట్టెలో క్యాపో పక్కన 0.45 నైలాన్ చుట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది.