ఆదరణకు ఏది, ఎదుగుదలకు ఏది?

చావు జరిగిన ఇంట్లో ఆదరణ కూడికకు వెళ్తూ ఒక పుస్తకం పట్టుకెళ్దామనుకునేవాళ్లూ, శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలో, చదువుకోవడానికి ఒకటి వెతుక్కునేవాళ్లూ తరచూ ఒకే అల్మారా ముందు నిలబడతారు. చేతికి తగిలేవీ దాదాపు అవే: లెట్టీ కౌమన్ కూర్చిన ‘ఎడారిలో సెలయేర్లు’, థామస్ ఎ కెంపిస్ ‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’, బ్రదర్ లారెన్స్ ‘ప్రాక్టీస్ ఆఫ్ ద ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’, బన్యన్ ‘యాత్రికుని ప్రయాణం’. అన్నీ భక్తి పుస్తకాలే కదా అని ఏదో ఒకటి తీసుకుంటే ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. వీటిలో కొన్ని కుంగినవాళ్లను లేపడానికి రాసినవి, కొన్ని నిక్కి నిలబడ్డవాళ్లను వంచడానికి రాసినవి. తారుమారైతే మంచి పుస్తకమే గాయం చేస్తుంది.

‘ఎడారిలో సెలయేర్లు’ పుట్టుక తెలిస్తే అది ఎవరికి పనికొస్తుందో తెలిసిపోతుంది. కౌమన్ దంపతులు జపాన్‌లో మిషనరీలు. భర్త చార్లెస్ ఆరోగ్యం చెడిపోయి అమెరికాకు తిరిగొచ్చారు. 1924లో ఆయన కన్నుమూసేదాకా దాదాపు ఆరేళ్లు లెట్టీ ఆయన్ను కనిపెట్టుకుని ఉంది. ఆ కాలంలో తనను నిలబెట్టిన ప్రసంగాల ముక్కల్ని, పద్యాల్ని, సాక్ష్యాల్ని తేదీలవారీగా కూర్చి 1925లో అచ్చు వేయించింది. అందులో ఎక్కువ భాగం ఆమె సొంత రాత కాదు, ఏరి తెచ్చిన సంకలనం. కాబట్టి నిన్నటి పేజీ చదవకపోయినా ఇవాళ్టిది అర్థమవుతుంది. ఆస్పత్రి వరండాలో కూర్చుని, మనసు ఒక పేజీకి మించి నిలవని మనిషికి అంతకంటే ఏం కావాలి? దీర్ఘ రోగంతో ఉన్నవాళ్లను చూసుకునేవాళ్లకు ఈ నాలుగింటిలో నేను మొదట చేతికిచ్చేది ఇదే.

ఆ గుణమే ఎదుగుదల దగ్గర లోపమవుతుంది. ఏడాది పొడుగునా ఒకటే రాగం: శ్రమ, ఎదురుచూపు, ఆలస్యం, ఓర్పు. కోపిష్టికీ, డబ్బు మీద ఆశ చావనివాడికీ, సంఘంలో పెత్తనం కోసం పోట్లాడేవాడికీ ఇది చెప్పేది తక్కువ. పదేళ్లుగా ఇదే చదువుతూ ఆత్మీయంగా అక్కడే ఉన్నామని బాధపడేవాళ్లు పుస్తకాన్ని తిట్టి లాభం లేదు, అది ఆ పనికి పుట్టలేదు.

వాడకంలో చెడేది రెండు చోట్ల. నాలుగు రోజులు తప్పితే అయిదో రోజు అయిదు పేజీలూ ఒక్కసారే మింగుతారు, వారం తర్వాత పుస్తకం మూలన పడుతుంది. తప్పినవి వదిలేసి ఆ రోజు తేదీయే చదవాలి. ఇక పేజీ పైన ఇచ్చిన ఒక్క బైబిలు వచనాన్ని వాగ్దానపు కార్డులా తీసుకుని తన పరిస్థితికి అతికించుకోవడం ఇంకొకటి. బైబిలు తెరిచి ఆ వచనానికి ముందు పది, వెనక పది వచనాలు చదివితే రోజుకు అయిదు నిమిషాలు అదనం, అంతే. ఎవరు ఎవరితో అన్న మాటో తెలియకుండా పట్టుకున్న వాగ్దానం నెరవేరలేదని విశ్వాసం మీదే విసుగు పుట్టిన ఇళ్లు తక్కువేం కాదు. రోగి మంచం పక్కన పైకి చదివేటప్పుడు కూడా ముందు మీరు చదువుకోండి. శ్రమ దేవుని బహుమానం అనే తరహా పేజీ, చూసుకునేవాళ్లకు బలమిస్తుందేమో గానీ నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి అప్పుడే వినిపించాల్సింది కాదు.

‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’ దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. 15వ శతాబ్దం మొదటి భాగంలో, ఇప్పటి నెదర్లాండ్స్‌లోని జ్వొల్లె దగ్గర మఠంలో ఉన్న థామస్ లాటిన్‌లో రాశాడు. నాలుగు భాగాలు: 25, 12, 59, 18 అధ్యాయాలు. మొదటి రెండూ మనిషిని కూర్చోబెట్టి నిలదీస్తాయి. పాండిత్యం ఉండి దీనమనసు లేకపోతే ఏం ప్రయోజనమని మొదటి అధ్యాయంలోనే అడుగుతాడు. ఏడాదికి ఒక్క దుర్గుణం వేరుతో పెరికినా త్వరలోనే పరిపూర్ణులమవుతామంటాడు మొదటి భాగం 11వ అధ్యాయంలో. రెండో భాగం చివరి రెండు అధ్యాయాల్లో సిలువ సంగతి వస్తుంది: పరలోకరాజ్యం కావాలనేవాళ్లు చాలామంది, సిలువ మొయ్యడానికి వచ్చేవాళ్లు కొద్దిమంది. వాక్యం ఎంత విన్నా మారని మనిషికి ఇంతకు మించిన మందు నాకు తెలియదు. దీని గొప్పతనం క్రైస్తవుల దగ్గరే ఆగలేదు. వివేకానందుడు ఇందులో కొంత భాగం బెంగాలీలోకి అనువదించాడు.

అయితే దీన్ని ఆదరణ కూడికకు పట్టుకెళ్లకండి. మొదటి భాగం 23, 24 అధ్యాయాలు మరణం గురించీ తీర్పు గురించీ. నిన్న భర్తను పాతిపెట్టి వచ్చిన స్త్రీ ఆ పేజీలు తెరిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చేసిన పాపమే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ క్షమాపణ దొరికిందో లేదో అని నలిగిపోయే స్వభావం ఉన్నవాళ్లకూ మొదటి భాగం పడదు, ఉన్న అపరాధ భావాన్ని ఇంకా తోడుతుంది. వాళ్లు నేరుగా మూడో భాగానికి వెళ్లాలి. అది క్రీస్తుకూ శిష్యుడికీ మధ్య సంభాషణలా నడుస్తుంది, గొంతు మెత్తబడుతుంది. తప్పులో పడినప్పుడు మరీ కుంగిపోకూడదని చెప్పే 57వ అధ్యాయం, సమాధానాన్నిచ్చే నాలుగు సంగతుల మీద 23వ అధ్యాయం, దేవుని సహాయం వెతకడం గురించి 30వది, ఈ మూడూ చాలు ఒక నెలకు. అంటే ఈ పుస్తకంలో ఆదరణ లేదని కాదు. అది వెనక ఉంది, ముందునుంచి చదివేవాళ్లు అక్కడిదాకా రారు.

శ్రమల దినాలకు మాత్రం కొలిచినట్టు సరిపోతుంది. ఆదివారాలు తీసేస్తే 40 రోజులు, మొదటి రెండు భాగాలు కలిపి 37 అధ్యాయాలు. రోజుకొకటి, మూడు రోజులు వెసులుబాటు. అధ్యాయాన్ని ఒకసారి మనసులో, ఒకసారి పైకి చదివి, గుచ్చుకున్న ఒక్క వాక్యం నోటుబుక్కులో రాసుకోవాలి. వరసగా నాలుగు అధ్యాయాలు చదివితే ఏదీ నిలవదు, ఎందుకంటే ఇందులో వాదం ముందుకు సాగదు, విడివిడి సూక్తులుగా ఉంటుంది. చదువుతుంటే ఈ మాట ఎదురింటాయనకో, సంఘ పెద్దకో తగులుతుందనిపిస్తే ఆ రోజుకు మూసేయడం మంచిది.

రాసింది సన్యాసి, సన్యాసుల కోసం. ఏకాంతం, మౌనం గురించిన మొదటి భాగం 20వ అధ్యాయాన్ని చంటిపిల్లల తల్లి ఉన్నదున్నట్టు తీసుకుంటే తను భక్తికే పనికిరాననుకుంటుంది. అక్కడ అనవసరపు మాట తగ్గించుకోవడం వరకే తీసుకోవాలి. నాలుగో భాగం దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనం) గురించి. కతోలికులు పూజకు ముందు చదువుకోవడానికి 18 అధ్యాయాలూ చక్కగా ఉంటాయి. ప్రొటెస్టెంట్ ముద్రణలు కొన్ని ఆ భాగాన్ని వదిలేస్తాయి, కొనేముందు విషయసూచిక చూసుకోండి.

మరి కుంగీ లేక, గట్టిగా నిలబడీ లేక, పొద్దున్న లేచింది మొదలు పనితో ఊపిరాడనివాళ్ల సంగతి? వాళ్లకు పై రెండింటికన్నా బ్రదర్ లారెన్స్ మేలు. పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో వంటవాడు. వంటపని అంటే సహజంగా గిట్టనివాడు, అయినా ఏళ్ల తరబడి అదే చేశాడు. 1691లో చనిపోయాక నాలుగు సంభాషణలు, కొన్ని ఉత్తరాలు కలిపి పుస్తకమైంది. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, అదే ప్రమాదం. పని మొదట్లో దేవునివైపు ఒక మాట, మధ్యలో ఒకటి, ముగించాక ఒకటి. మరిచిపోతే తప్పు ఒప్పుకుని, దాన్నే తలుచుకుంటూ కూర్చోకుండా పనిలోకి వెళ్లడం. పద్ధతి ఇంతే కాబట్టి సులువనుకుని మొదలెట్టి రెండు వారాల్లో వదిలేస్తారు. తనకు మొదటి పదేళ్లూ చాలా బాధగా గడిచాయని ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. రోజంతా అని పెట్టుకోకుండా ఒక్క పనికి కట్టండి: పొయ్యి వెలిగించడం గానీ, బండి స్టార్ట్ చేయడం గానీ. అది అలవాటయ్యాకే రెండోది.

లారెన్స్ ఉత్తరాల్లో ఒకచోట జాగ్రత్త పడాలి. రోగం ముదిరిన ఒకరికి రాస్తూ, మందులు పనిచేయలేదు కాబట్టి దేవుని చేతుల్లోకి వదిలేసుకోవడం దేవుణ్ణి శోధించడం కాదంటాడు. అది 17వ శతాబ్దపు వైద్యం. ఇవాళ షుగర్, బీపీ మాత్రలు మానేయడానికి దాన్ని సాక్ష్యంగా చూపేవాళ్లకు ఆ పేజీ ఇవ్వకూడదు.

బన్యన్‌ది ఒంటరిగా కాదు, కుటుంబ ప్రార్థనలో పైకి చదవాల్సిన పుస్తకం. ‘యాత్రికుని ప్రయాణం’ (1678) కథ కాబట్టి పిల్లలు కూడా కూర్చుంటారు, రాత్రికి రెండు మూడు పేజీలు చాలు. రక్షణ నిశ్చయత గురించి సందేహంతో ఉన్నవాళ్లు మాత్రం సందేహ దుర్గం దాకా ఆగకుండా చదవాలి: నిరాశ అనే రాక్షసుడి చెరలో దెబ్బలు తిన్న యాత్రికుడికి, ఆ తలుపులు తెరిచే ‘వాగ్దానం’ అనే తాళంచెవి మొదటినుంచీ తన రొమ్ములోనే ఉందని గుర్తొస్తుంది. అంతకుముందే, కథ మొదట్లో యాత్రికుడు కూరుకుపోయే ఊబి దగ్గర ఆపేస్తే భయమే మిగులుతుంది. భార్యాబిడ్డలను వదిలి వెళ్లిపోయిన యాత్రికుడి తీరు నచ్చని ఇల్లాళ్లు 1684లో వచ్చిన రెండో భాగంతో మొదలుపెట్టినా నష్టం లేదు. అందులో ఆయన భార్య క్రిస్టియానా, నలుగురు కొడుకులను వెంటబెట్టుకుని అదే దారిన బయల్దేరుతుంది.